దూరపు యుద్ధం, దగ్గరి దడ

2025 మే 8వ తేదీ రాత్రి తెలుగువాళ్ల ఇళ్లలో చాలా టీవీలు తెల్లవార్లూ మోగుతూనే ఉన్నాయి. అంతకు ముందురోజు తెల్లవారుజామున పాకిస్తాన్‌లోని ఉగ్రవాద స్థావరాల మీద భారత సైన్యం చేపట్టిన ఆపరేషన్ సిందూర్ మొదలైంది. అదే రోజు హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ మాక్ డ్రిల్ సైరన్లు వినిపించాయి. ఎనిమిదో తేదీ రాత్రి జమ్మూ ఆకాశంలో డ్రోన్ల వెలుగులు తెర మీద కనిపించాయి. కరాచీ ఓడరేవు ధ్వంసమైందని కొన్ని చానళ్లు చెప్పాయి, ఇస్లామాబాద్ మన చేతికి వచ్చేసిందని ఇంకొన్ని అరిచాయి. తెల్లవారేసరికి అవేవీ నిజం కావని తేలింది. 10వ తేదీ సాయంత్రం కాల్పుల విరమణ ప్రకటించారు. తుపాకులు ఆగాయి గానీ, ఆ రాత్రులు టీవీ ముందు కూర్చున్న చాలామందికి లోపలి దడ మాత్రం ఆగలేదు.

ఆ రోజుల్లో జలంధర్ దగ్గరి యూనివర్సిటీలోనో, శ్రీనగర్ ఎన్ఐటీలోనో పిల్లలు చదువుతున్న తల్లిదండ్రులు ఢిల్లీలోని ఏపీ భవన్‌కూ తెలంగాణ భవన్‌కూ ఫోన్లు చేస్తూ గడిపారు. వాళ్ల భయం ఎవరికైనా అర్థమవుతుంది. సరిహద్దు దరిదాపుల్లో తమవాళ్లంటూ ఎవరూ లేనివాళ్ల సంగతి వేరు. వంట చేస్తూ చేస్తూ గరిట చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చి నిలబడిపోవడం, పడుకున్నాక తన గుండె చప్పుడు తనకే వినపడటం, రాత్రి రెండింటికి మెలకువ వస్తే చెయ్యి దానంతటదే ఫోన్ వైపు పోవడం, పగలు చిన్న మాటకే పిల్లల మీద విరుచుకుపడటం. ఎవరికైనా చెప్పుకుందామంటే మొహమాటం. అక్కడెక్కడో బాంబులు పడితే నీకెందుకమ్మా దడ అంటారేమోనని. ఈ అధ్యాయం ముందుగా అలా మొహమాటపడేవాళ్ల కోసం. మనవాళ్లు నిజంగానే అక్కడ ఉన్న కుటుంబాల గురించి కాస్త తర్వాత విడిగా మాట్లాడుకుందాం, వాళ్ల అవసరాలు వేరు.

వార్తలు చూడటం మానేయండి అని నేను చెప్పను. దేశం యుద్ధంలో ఉన్నప్పుడు, సాటి మనుషులు కూలిన ఇళ్ల కింద చిక్కుకున్నప్పుడు తెలుసుకోవాలనుకోవడం మంచి లక్షణం. కళ్లు మూసుకుని నాకేం పట్టదని కూర్చోవడం ప్రశాంతత కాదు. కాకపోతే జరిగింది తెలుసుకోవడం ఒక పని, జరుగుతున్నదాన్ని గంటల తరబడి చూస్తూ ఉండిపోవడం ఇంకో పని. మొదటిదానికి రోజుకు ఇరవై నిమిషాలు చాలు. రెండోదానికి రోజంతా ఇచ్చినా సరిపోదు, పైగా అందులో కొత్తగా తెలిసేదీ ఏమీ ఉండదు.

శరీరానికి దూరం తెలియదు

మెదడు లోపల అమిగ్డలా అని బాదం గింజంత భాగం ఒకటుంది. ప్రమాదాన్ని పసిగట్టడం దాని పని. చప్పుడు వినగానే, మంట చూడగానే, ఏడుస్తున్న పిల్ల ముఖం కనపడగానే అది ఒంటిని అప్రమత్తం చేసేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, కడుపులో తిప్పుతుంది. పరిగెత్తడానికో, తిరగబడటానికో ఒళ్లు సిద్ధమవుతుంది. జమ్మూ ఇక్కడికి రెండు వేల కిలోమీటర్ల దూరమని మనకు తెలుసు. ఆ సంగతి అమిగ్డలా దాకా వెళ్లేలోపే ఒళ్లు సిద్ధమైపోయి ఉంటుంది. పరిగెత్తాల్సిన అవసరం లేదు, సోఫాలో కూర్చునే ఉన్నాం. ఆ సిద్ధపాటు అంతా ఖర్చుకాకుండా ఒంట్లోనే ఉండిపోతుంది. మెడనొప్పి, అజీర్తి, నిద్రలేమి, అకారణ కోపం అన్నీ దాని రూపాలే. మీరు పిరికివాళ్లు కాబట్టి ఇలా అవడం లేదు. ఆరోగ్యంగా ఉన్న ఏ మెదడైనా చేసే పనే ఇది.

అమెరికాలోని బోస్టన్‌లో 2013 ఏప్రిల్ 15న మారథాన్ పరుగు పందెం ముగిసే చోట బాంబులు పేలాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఆ తర్వాత కొద్ది వారాల్లోనే దాదాపు 4,700 మందిని ప్రశ్నలడిగారు. పేలుడు చోట స్వయంగా ఉన్నవాళ్ల కంటే, పేలుడు తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలు చూసినవాళ్లలో తీవ్ర మానసిక ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా కనిపించాయి. మొదటిసారి చదివినప్పుడు నమ్మబుద్ధి కాదు. ఆలోచిస్తే అర్థమవుతుంది. అక్కడున్న మనిషికి పేలుడు ఒక్కసారే జరిగింది. టీవీ ముందున్న మనిషికి అది రోజుకు కొన్ని వందలసార్లు జరిగింది, అన్ని కోణాల నుంచీ జరిగింది.

మన చానళ్లలో ఏం జరుగుతుందో చూడండి. ఒకే క్షిపణి, ఒకే కూలిన గోడ, ఒకే నిప్పుల గోళం. తెర నాలుగు గడులుగా చీలి అన్నింట్లోనూ అదే. కింద ఎర్ర పట్టీ పరుగెడుతుంటుంది, వెనక సైరన్ మోగుతుంటుంది. ఆ సైరన్ల గురించి చెప్పకుండా ఉండలేను. నిజమైన దాడి జరిగినప్పుడు ప్రాణాలు కాపాడాల్సిన ధ్వని అది. దాన్ని చర్చా కార్యక్రమాలకు నేపథ్య సంగీతంగా వాడేశారు. చివరికి 2025 మేలో కేంద్ర ప్రభుత్వమే చానళ్లను ఆ శబ్దం వాడొద్దని కోరాల్సి వచ్చింది. ఆ సైరన్ విని ఎన్ని ఇళ్లలో ముసలివాళ్లు మంచం మీద లేచి కూర్చున్నారో, ఎంతమంది పిల్లలు తల్లి చీర పట్టుకుని ఏడ్చారో. వార్త అందించడానికి ఆ మోత అక్కర్లేదు. మనల్ని చానల్ మార్చకుండా కట్టిపడేయడానికే అది పనికొస్తుంది.

దీనికి తోడు మనసు వేసే లెక్క ఒకటుంది. ఏ సంగతి సులువుగా గుర్తొస్తుందో అదే తరచుగా జరుగుతోందని అది అనుకుంటుంది. డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1970లలోనే దీన్ని నిరూపించారు. అందుకే ఒకే దృశ్యం వందసార్లు చూసినవాళ్లకు వంద దాడులు జరిగినట్టే ఉంటుంది. బ్రిటన్‌లో 1997లో వచ్చిన ఇంకో పరిశోధన నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. పద్నాలుగు నిమిషాలపాటు విషాద వార్తలు మాత్రమే చూసినవాళ్లు, ఆ వార్తలతో ఏ సంబంధమూ లేని తమ సొంత దిగుళ్ల గురించి కూడా ఎక్కువగా భయపడటం మొదలుపెట్టారు. అంటే అమ్మాయి ఇంటర్ మార్కులు, బ్యాంకు లోను, అత్తగారి మోకాలి ఆపరేషన్ లాంటివి నిన్నటిదాకా మోయగలిగిన బరువులే. యుద్ధ వార్తలు చూశాక అవే మోయలేనివిగా కనిపిస్తాయి. రెండింటికీ సంబంధం ఉందని మనకు తట్టదు.

చేతికి పని లేని భయం

యుద్ధ భయం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటలు కట్టుకుని బళ్లమీద, కాలినడకన లోపలి పల్లెలకు తరలిపోయారు. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయింది. ఆ రోజుల్లో విశాఖలో రాత్రిపూట దీపాలు ఆర్పేసేవారు. ఆ కాలం చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు, కిటికీలకు నల్లకాగితాలు అంటించడం, లాంతరు మంట తగ్గించడం, వీధిలో వెలుతురు కనిపిస్తే పక్కింటివాళ్లను పిలిచి చెప్పడం.

వాళ్లు భయపడలేదని కాదు. మనకంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నారు, ఎక్కువే భయపడ్డారు. అయితే ఆ భయానికి చేతి నిండా పని ఉండేది. ఇవాళ మన భయానికి ఉన్న ఒకే ఒక పని బొటనవేలితో తెరను పైకి తోయడం. ఒంటిలో పుట్టిన కంగారు ఆ ఒక్క వేలి గుండా బయటకు పోలేదు. పోకపోగా, తోసిన ప్రతిసారీ కొత్త మంట ఒకటి తగులుతుంది. నా నమ్మకం ఏమిటంటే, యుద్ధ వార్తల వల్ల వచ్చే ఆందోళనకు మందు రెండే మాటల్లో ఉంది. వార్తకు ఒక వేళ పెట్టాలి, భయానికి ఒక పని చూపాలి. ఇక మీదట చెప్పేదంతా ఈ రెండింటి వివరమే.

వార్తకు వేళ

ఒకప్పుడు రేడియోలో వార్తలకు వేళ ఉండేది. ఆకాశవాణి వార్తలు పది నిమిషాలో పావుగంటో, అయిపోగానే పాటలు. పేపరు ఉదయం వచ్చేది, మళ్లీ మర్నాడే. వార్తల మధ్య బతకడానికి సమయం దొరికేది. ఇప్పుడా వేళలు మనం సొంతంగా పెట్టుకోవాలి. ఉదయం కాఫీ టిఫిన్లు అయ్యాక ఒకసారి, సాయంత్రం చీకటి పడకముందు ఒకసారి చాలు. కళ్లు తెరవగానే మంచంలో వద్దు, అప్పుడు మనసుకు ఏ కాపలా ఉండదు. పడుకునే ముందు రెండు గంటలు అసలే వద్దు. రాత్రి పదకొండింటికి తెలిసిన వార్తకు ఆ రాత్రి మీరు చేయగలిగింది ఏమీ లేదు, నిద్ర పోగొట్టుకోవడం తప్ప.

వీలైనంత వరకు చూడటం తగ్గించి చదవండి. అక్షరాల్లో అరుపు ఉండదు. ఎక్కడ ఆపాలో, ఏ పేరా దాటేయాలో మన చేతిలోనే ఉంటుంది. అచ్చు పేపరుకు ఇంకో గుణం ఉంది, అది అయిపోతుంది. చివరి పేజీ తిప్పాక ఇక లేదు. ఫోనుకు చివరి పేజీ అంటూ లేదు కాబట్టి దానికి మీరే గోడలు కట్టాలి. వార్తా యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయండి. వీడియోలు వాటంతటవే మొదలవకుండా సెట్టింగుల్లో మార్చండి. రాత్రి ఫోన్ ఛార్జింగ్ హాల్లోనో వంటింట్లోనో పెట్టండి. అలారం కోసం ఫోన్ పక్కనే ఉండాలంటారు చాలామంది, ఒక చిన్న అలారం గడియారం కొనుక్కోండి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు చెయ్యి చాచినంత దూరంలో ఫోన్ లేకపోవడం ఎంత పెద్ద మేలో మొదటి రాత్రే తెలుస్తుంది.

మొదట్లో కష్టంగానే ఉంటుంది. ఈలోగా ఏదో అయిపోయి ఉంటుందని లోపల గుంజుతుంది. నిజంగా మన ఊరికి సంబంధించిన పెద్ద విషయం జరిగితే ఇంట్లోవాళ్లో, ఇరుగుపొరుగో, ఆఫీసులో పక్క సీటువాళ్లో చెప్పకుండా ఉండరు.

ఇక అసలు చిక్కు హాల్లో టీవీది. చాలా ఇళ్లలో రిమోట్ పెద్దవాళ్ల చేతిలో ఉంటుంది. రిటైరైన నాన్నగారు పొద్దున్నుంచి రాత్రిదాకా అదే చానల్ పెట్టుకుని కూర్చుంటారు, శబ్దం ఇల్లంతా వినిపిస్తుంది. ఆయనతో గొడవపడి లాభం లేదు. ‘ఎందుకు నాన్నా ఆ చెత్త’ అంటే ఆయన అహం దెబ్బతింటుంది, ఇంకో రెండు పాయింట్లు శబ్దం పెరుగుతుంది. ‘నాన్నా, ఏడింటికి ఇద్దరం కలిసి చూద్దాం, ఏం జరిగిందో నాకు మీరే చెప్పండి, ఇప్పుడు కాసేపు అలా వీధి చివరిదాకా వెళ్లొద్దాం రండి’ అని చూడండి. ఆయనకు కావాల్సింది చాలాసార్లు వార్త కాదు, ఆ వార్త గురించి మాట్లాడటానికి ఒక మనిషి. 1965, 1971 యుద్ధాలు ఆయనకు గుర్తుంటే వాటి గురించి అడగండి. అప్పుడేం భయపడ్డారో, ఎలా గడిచిందో చెబుతుంటే ఆయన గొంతు నెమ్మదించడం మీకే తెలుస్తుంది.

ఫార్వర్డ్ చేసే ముందు

2025 మేలో తిరిగిన యుద్ధ వీడియోల్లో కొన్ని వీడియో గేముల్లోవి, కొన్ని పాత యుద్ధాలవి, వేరే దేశాలవి. కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీలోని ఫ్యాక్ట్ చెక్ విభాగం రోజూ ఒకదాని తర్వాత ఒకటి ఖండిస్తూ వచ్చింది. కంగారులో ఉన్నప్పుడు ఎంత చదువుకున్నవాళ్లయినా నమ్మేస్తారు, ఎందుకంటే భయపడుతున్న మనసు తన భయాన్ని సమర్థించే సాక్ష్యం కోసమే వెతుకుతుంది. వాట్సాప్ సందేశం మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది ఇప్పటికే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేకపోతే అక్కడే ఆపేయండి.

ఫార్వర్డ్ చేయడం వెనుక చెడ్డ ఉద్దేశం ఉండదు. లోపలి బరువు ఎవరితోనైనా పంచుకోవాలనిపిస్తుంది. కానీ ఆ వీడియో పంపితే మీ బరువు తగ్గదు, మీ చెల్లెలికి ఇంకో బరువు తోడవుతుంది. దాని బదులు ఆమెకు ఫోన్ చేసి ‘వార్తలు చూస్తుంటే గాభరాగా ఉందే, కాసేపు మాట్లాడు’ అనండి. చెప్పుకోవాల్సింది అదే.

దడ వచ్చేసినప్పుడు

ఇన్ని జాగ్రత్తలు పడ్డా ఒక్కోసారి దడ వచ్చేస్తుంది. అప్పుడు ముక్కుతో నిండా ఊపిరి పీల్చి, పైన ఇంకొంచెం పీల్చి, నోటితో నెమ్మదిగా, చాలా నెమ్మదిగా వదలండి. పీల్చిన దానికంటే వదిలే సమయం ఎక్కువ ఉండాలి. నిదానమైన నిశ్వాస గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అయిదు నిమిషాలు చేస్తే చాలు. తర్వాత మీకు అనిపిస్తున్నదేమిటో పైకి అనండి, ఒక్కరే ఉన్నా సరే: ‘నాకు భయంగా ఉంది, మా అబ్బాయి చదువు ఏమవుతుందోనని భయంగా ఉంది.’ భావానికి పేరు పెట్టినప్పుడు అమిగ్డలా చురుకు తగ్గుతుందని లాస్ ఏంజిలిస్‌లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కాన్లలో గమనించింది. మన అమ్మమ్మలు ‘లోపల పెట్టుకోకు, చెప్పెయ్’ అనేది ఇందుకే.

అయితే పగలంతా వార్తలు చూస్తూ రాత్రి ప్రాణాయామం చేస్తానంటే, పొయ్యి మంట తగ్గించకుండా పొంగే పాల మీద నీళ్లు చిలకరించినట్టే. ఒక్క నిమిషం ఆగుతాయి, మళ్లీ పొంగుతాయి.

ఇంకో ఉపాయం ఉంది, వినడానికి విడ్డూరంగా ఉన్నా పనిచేస్తుంది. దిగులుకు కూడా ఒక వేళ పెట్టడం. సాయంత్రం అయిదున్నర నుంచి ఆరు దాకా దిగులు పడే సమయం అనుకోండి. మిగతా వేళల్లో ఆ ఆలోచన వస్తే ఒక కాగితం మీద ఒక్క ముక్క రాసి, అయిదున్నరకు చూద్దాం అనుకుని చేతిలో పనికి తిరిగి రండి. ఆ వేళకు నిజంగా కూర్చుని కాగితం తీయండి. థామస్ బోర్కొవెక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1980లలో ఈ పద్ధతిని పరీక్షించి చూశారు. మధ్యాహ్నం కొండంత అనిపించినవి సాయంత్రానికి సగం కరిగిపోయి ఉంటాయి. మిగిలిన సగంలో నిజంగా చేయాల్సిన పని ఏదైనా ఉంటే అది స్పష్టంగా కనిపిస్తుంది.

మనవాళ్లు అక్కడే ఉంటే

ఇప్పుడు అసలైన కష్టం గురించి. గల్ఫ్‌లో భర్త, ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్న అన్న, విదేశంలో మెడిసిన్ చదువుతున్న కూతురు, సరిహద్దులో జవానుగా ఉన్న కొడుకు. ఈ ఇళ్లవాళ్లతో వార్తలు చూడొద్దు అనే హక్కు ఎవరికీ లేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు కడప జిల్లాలో, గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్లు వారాల తరబడి ఒక్క కబురు లేకుండా గడిపాయి. మనవాళ్లు ఎడారి దాటి జోర్డాన్ చేరితే, అమ్మాన్ నుంచి విమానాల్లో దాదాపు 1,70,000 మంది భారతీయులను వెనక్కి తెచ్చారు. 2022 ఫిబ్రవరి 24న యుక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక ఖార్కివ్ మెట్రో స్టేషన్లలో, హాస్టల్ బేస్‌మెంట్లలో దాక్కున్న మన విద్యార్థులు గంటగంటకూ ఇంటికి వీడియో కాల్ చేయగలిగారు. 2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అల్ ఉదీద్ స్థావరం మీదికి ఇరాన్ క్షిపణులు వదిలినప్పుడు ఆ వెలుగులు దోహాలోని మనవాళ్ల ఫోన్ల నుంచి నిమిషాల్లో ఇక్కడికి చేరాయి. అప్పుడు కబురు లేక నరకం, ఇప్పుడు కబురు ఆగకపోవడం మరో నరకం.

అందుకే కబురుకు ఒక పద్ధతి ఉండాలి. ఇంటి నుంచి ఒక్కరే మాట్లాడాలి, మిగతా బంధువులందరికీ ఆ ఒక్కరే చెప్పాలి. మేనత్త, బాబాయి, తోడల్లుడు అందరూ విడివిడిగా ఫోన్ చేస్తే అక్కడ చీకటిలో కూర్చున్న పిల్ల ఫోన్ బ్యాటరీ అయిపోతుంది. ఆమె ధైర్యం కూడా అయిపోతుంది, ఎందుకంటే అందరికీ ఆమే ధైర్యం చెప్పాల్సి వస్తుంది. రోజుకు రెండుసార్లు, ముందే అనుకున్న వేళకు, ‘క్షేమం’ అన్న ఒక్క మాట మెసేజ్ చాలు. అది రాకపోతే ఎంతసేపు ఆగాలో, ఆ తర్వాత ఎవరికి ఫోన్ చేయాలో కూడా ముందే మాట్లాడుకోండి. నెట్‌వర్క్ పోయింది వేరు, ఆపద వేరు. ఈ ఒప్పందం లేకపోతే మెసేజ్ రాని ప్రతి నిమిషమూ ఆపదలాగే అనిపిస్తుంది.

మాట్లాడేటప్పుడు టీవీలో చూసినవి వాళ్లకు చెప్పకండి. వాళ్లున్న వీధి సంగతి మన యాంకర్ కంటే వాళ్లకే బాగా తెలుసు. టీవీకి దేశమంతా ఒకే మంట. ఖార్కివ్‌కూ ల్వివ్‌కూ మధ్య దాదాపు వెయ్యి కిలోమీటర్ల రోడ్డు ఉంది, ఒకచోట బాంబులు పడుతున్న రోజున రెండోచోటికి చేరినవాళ్లు రైలెక్కి సరిహద్దు దాటారు. ఒక మ్యాపు తీసుకుని మీవాళ్లున్న ఊరిని గుర్తుపెట్టుకోండి. దాడి ఎక్కడ, మనవాళ్లెక్కడ అన్నది కళ్లతో చూస్తే ఊహ కాస్త అదుపులోకి వస్తుంది. ఫోన్లో ‘ఏం తిన్నావురా, నీళ్లున్నాయా, పక్కన ఎవరున్నారు’ అని అడగండి. ఏడుపొస్తే ఏడవండి, తప్పు లేదు, కానీ ఆ రెండు నిమిషాల కాల్ అంతా అదే కాకుండా చూసుకోండి.

ఇక్కడ భయానికి చూపించాల్సిన పని చాలా ఉంది. పాస్‌పోర్టు, వీసా, అక్కడి గుర్తింపు కార్డు కాపీలు ఇంట్లో ఒక కవరులో పెట్టండి. వాళ్లుండే చిరునామా, యజమాని లేదా కాలేజీ ఫోన్ నంబరు, పక్క గది స్నేహితుడి నంబరు కాగితం మీద రాసి ఉంచండి. ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయంలో మీవాళ్లు పేరు నమోదు చేసుకున్నారో లేదో ఇవాళే అడగండి. రాయబార కార్యాలయం చెప్పిన మాటను తేలిగ్గా తీసుకోవద్దు. కీవ్‌లోని మన రాయబార కార్యాలయం 2022 ఫిబ్రవరి 15నే, అంటే యుద్ధానికి తొమ్మిది రోజుల ముందే, తప్పనిసరి కాని వాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు, తాత్కాలికంగా వెళ్లిపోవడం గురించి ఆలోచించమని సూచించింది. ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ, తెలంగాణ ప్రభుత్వ ఎన్నారై విభాగం, ఢిల్లీలోని రెండు రాష్ట్రాల భవన్‌లు ఇలాంటి సమయాల్లో హెల్ప్‌లైన్లు నడుపుతాయి. మీ ఊళ్లో అదే దేశానికి వెళ్లినవాళ్ల ఇళ్లు ఇంకొన్ని ఉంటే వాళ్లతో కలిసి కూర్చోండి. సమాచారమూ పోగవుతుంది, ఒకే బాధ ఉన్నవాళ్ల పక్కన ఊపిరి కాస్త ఆడుతుంది. డబ్బిస్తే రప్పిస్తామంటూ ఫోన్ చేసే ఏజెంట్లను మాత్రం దగ్గరికి రానివ్వొద్దు.

తల్లులు తిండి మానేస్తారు. వాడు తిన్నాడో లేదో, నాకు ముద్ద ఎలా దిగుతుందంటారు. అమ్మా, రేపు వాడు ఫోన్ చేసినప్పుడు నీ గొంతులో నీరసం వినిపిస్తే వాడు అక్కడ ఇంకా కుంగిపోతాడు. వాడి కోసమే నాలుగు ముద్దలు తినాలి.

పిల్లలు అడిగినప్పుడు

‘అమ్మా, మన ఇంటి మీద బాంబు పడుతుందా?’ అని ఆరేళ్ల పిల్ల అడిగితే నోర్మూసుకో అనకండి. ఏమీ జరగడం లేదని అబద్ధమూ చెప్పకండి, స్కూల్లో ఎవరో చెప్పేసే ఉంటారు. ముందు తనేం విందో అడగండి. ‘యుద్ధం జరిగే చోటు మనకు చాలా దూరం. పెద్దవాళ్లు చాలామంది దాన్ని ఆపే పనిలో ఉన్నారు. నిన్ను చూసుకోవడానికి నేనూ నాన్నా ఇక్కడే ఉన్నాం’ అన్నంత చాలు. ఆ రాత్రి పక్కన పడుకోబెట్టుకోండి. పదో తరగతి పిల్లలకు మాత్రం ఇది సరిపోదు, వాళ్లు రీల్స్‌లో మీకంటే ఎక్కువ చూసి ఉంటారు. వాళ్లతో కూర్చుని ఒక వీడియో నిజమో కాదో కలిసి వెతకండి.

అపరాధ భావం, కోపం

అక్కడ జనం చచ్చిపోతుంటే నేనిక్కడ బిర్యానీ తింటున్నానే అన్న బాధ సున్నిత మనస్కులకు వస్తుంది. దాన్ని కించపరచను, ఆ బాధ ఉన్నవాళ్లుండబట్టే లోకం ఇంకా ఇలా ఉంది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థలో తానియా సింగర్, ఓల్గా క్లిమెకీ చేసిన పరిశోధనలు ఇక్కడ ఉపయోగపడతాయి. ఎదుటివాళ్ల బాధను అచ్చంగా తన ఒంట్లోకి తెచ్చుకునేవాళ్లు తొందరగా కుంగిపోయారు. వాళ్లకు మేలు జరగాలని మనసారా కోరుకోవడం సాధన చేసినవాళ్లు మాత్రం అంతే బాధాకరమైన దృశ్యాలు చూసినా నిలబడగలిగారు. మీరు అన్నం మానేస్తే గాజాలోనో యుక్రెయిన్‌లోనో ఏ పిల్లాడి కడుపూ నిండదు. యూనిసెఫ్‌కో రెడ్‌క్రాస్‌కో చేతనైనంత పంపండి. మీ ఊళ్లో సైనికుడి కుటుంబం ఉంటే వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చోండి, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి తోడు వెళ్లండి. 2025 మేలో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన ఒక యువ జవాను నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలిచ్చాడు. అలాంటి ఇళ్లకు మనం సోషల్ మీడియాలో పెట్టే దండాల కంటే, నెల తర్వాత తలుపు తట్టే మనిషి అవసరం.

ఇంకొకటి జాగ్రత్తగా చెప్పాలి. భయం చాలాసార్లు కోపం వేషం వేసుకుని వస్తుంది. భయపడుతున్నానని ఒప్పుకోవడం కంటే ఎవరినైనా తిట్టడం తేలిక. 2025 మేలో హైదరాబాద్‌లో కరాచీ బేకరీ మీద దాడి జరిగింది, పేరు మార్చమని. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన ఒక సింధీ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్లో పెట్టుకున్న దుకాణం అది. యుద్ధం వల్ల నష్టపోయినవాళ్ల మీదే యుద్ధ కోపం తీర్చుకోవడం కంటే విషాదం ఏముంటుంది? వార్తలు చూసి లేచినప్పుడు మీ వీధిలో ఎవరి మీదనైనా, పక్క సీటు సహోద్యోగి మీదనైనా ఒక్కసారిగా అనుమానం, ద్వేషం పొంగితే, అది మీ అభిప్రాయం అనుకోకండి. చాలావరకు అది ఇంకా చల్లారని దడ. ఒక గంట నడిచి వచ్చి, అప్పుడు ఆలోచించండి.

ఎప్పుడు వైద్యుల దగ్గరికి

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, చూసిన దృశ్యాలు కలల్లోకి, పగటి ఆలోచనల్లోకి పదేపదే దూసుకురావడం, పనికి వెళ్లలేకపోవడం, ఆగకుండా ఏడుపు, దడ తగ్గాలని మందు తాగడం మొదలుపెట్టడం, బతకడం ఎందుకన్న ఆలోచన. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి చిట్కాలతో ఆగొద్దు. చివరిది ఉంటే రెండు వారాలు కాదు, ఆ రోజే వెళ్లాలి. మాజీ సైనికులు, గతంలో ప్రమాదమో హింసో చూసినవాళ్లు, ఇంతకు ముందే ఆందోళనకు మందులు వాడుతున్నవాళ్లు ఇంకాస్త ముందే జాగ్రత్తపడాలి. పాత గాయాన్ని కొత్త వార్త రేపుతుంది. వాడుతున్న మందులు సొంతంగా ఆపకండి, పెంచకండి.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడానికి వెనకాడుతుంటే ముందు 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగు ఎంచుకుంటే తెలుగులోనే మాట్లాడతారు. అవసరమైతే వాళ్లే దగ్గరలోని వైద్యుల దగ్గరికి పంపుతారు. బాధపడుతున్న మనిషే ఫోన్ చేయాలని లేదు. రాత్రంతా టీవీ ముందు కూర్చుంటున్న నాన్న గురించి కూతురు చేయొచ్చు, అన్నం ముట్టని తల్లి గురించి కొడుకు గల్ఫ్ నుంచే తమ్ముడితో చేయించొచ్చు.